చీలమండ పుండు, తొడలో మూలం

మదనపల్లె టమోటా మండీల్లో కాయలు ఏరే ఆడవాళ్లు పొద్దస్తమానం నిలబడే ఉంటారు. నిమ్మనపల్లె నుంచి ఆ పనికి వచ్చే ఒకామెకు కుడికాలి లోపలి పక్క, చీలమండకు కాస్త పైన పుండు. చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడింది. షుగరు లేదు. రెండేళ్లుగా కట్లు మార్పించుకుంటూనే ఉంది. "ఏ ఆయింట్‌మెంటు పూసినా మానేదిలే సార్" అంది.

మంచం దిగి నిలబడమన్నాను. చీర కాస్త పైకెత్తితే మోకాలి పక్క నుంచి పిక్కదాకా మెలికలు తిరిగిన సిర తేలింది. పడుకోగానే అణిగిపోయింది. పుండుకు కట్టు కట్టేటప్పుడు మనిషి పడుకునే ఉంటుంది కదా, అందుకే అన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

నిలబెట్టే డాప్లర్ (రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్) చేశాం. పిక్క నొక్కి వదిలితే పైకెక్కిన రక్తం మళ్లీ కిందికి జారుతోంది. అర సెకను దాటి వెనక్కి పారిందంటే సిరలోని కవాటం చెడినట్టే. ఆమెకు గజ్జల దగ్గరి కవాటమే పోయింది. తూము కారుతుంటే కింది మడిలో తేమ ఎన్నాళ్లు తోడినా ఆరుతుందా?

ఆ సిరను మూసేద్దామన్నాను. "నరం మూసేస్తే రక్తం యాడికి పోతాది సార్?" ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, అడగాలి కూడా. కాలి రక్తంలో ఎక్కువ భాగాన్ని మోసేవి లోపలి సిరలు. అవి బాగున్నాయని డాప్లర్‌లో తేల్చుకున్నాకే పైసిర జోలికి పోతాం.

గజ్జల్లో కోసి, తీగ దూర్చి సిరను లాగేసే పద్ధతిని 1907లో అమెరికా సర్జన్ బాబ్‌కాక్ చెప్పాడు. మేం చదువుకున్నదీ అదే. ఇప్పుడు మోకాలి దగ్గర సూది గుచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సన్నటి గొట్టాన్ని పైకి పంపి, లోపలి సిరలో కలిసే చోటికి రెండు సెంటీమీటర్ల ముందే ఆపేస్తాం. ఆ గొట్టం కొసన పుట్టే వేడికే సిర మూసుకుపోతుంది. సిర చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ నింపుతాం. నొప్పి తెలియదు, వేడి చర్మానికి తగలదు. రేడియో ఫ్రీక్వెన్సీ అయితే 120 డిగ్రీలు, ఒక్కో ఏడు సెంటీమీటర్లకు 20 సెకన్లు. ఆమె ఆ సాయంత్రమే నడిచి ఇంటికెళ్లింది. పుండు మాత్రం నింపాదిగా మానింది. 2018లో బ్రిటన్‌లో 450 మంది మీద జరిగిన అధ్యయనంలో, కట్టుతోపాటు వెంటనే సిర మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. ఆ పని వాయిదా వేసినవాళ్లలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. కూలి మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

లేజరు ఫలితం కూడా ఇంచుమించు ఇంతే. ప్రకటనలు చూసి వచ్చేవాళ్లు నమ్మరు గానీ, యంత్రం కంటే డాప్లర్ పట్టుకున్న చెయ్యి ముఖ్యం. జిగురుతో అతికించే పద్ధతిలో అన్ని సూదులుండవు, ఖర్చు మాత్రం ఎక్కువ. మెలికలు తిరిగి గొట్టం దూరని సిరలకు నురుగు మందు ఇంజెక్షన్ పనికొస్తుంది, కాకపోతే కొందరిలో ఆ సిర మళ్లీ తెరుచుకుంటుంది.

పుంగనూరు నుంచి ఒకావిడ తొడమీది సన్నటి నీలి గీతలకు లేజరు కావాలని వచ్చింది. డాప్లర్ బాగానే ఉంది, ఏమీ వద్దని పంపేశాను. మరో పెద్దాయన బీడీలు మానలేదు, ఎవరో సిరల కోసం వేసుకునే బిగుతు మేజోళ్లు రాసిచ్చారు. పాదం మీద నాడి అందలేదు. ధమని మూసుకుపోయిన కాలికి బిగుతు మేజోడు తొడిగితే కాలికే ముప్పు. ఆ మేజోళ్లు పక్కన పెట్టించి, ముందు ధమని పరీక్షకు పంపాను.

కుప్పం దగ్గరి కుర్రాడొకడు బెంగుళూరు హోటల్లో దోసె మాస్టరు. రెండు కాళ్లకూ సిర మూయించుకున్నాక, ఎక్కువసేపు ఒకే చోట నిలబడొద్దన్నాను.

"నిలబడకుండా దోసె ఎట్ల పోసేది సార్?"

న్యాయమైన మాటే. పెనం ముందే ఉండు గానీ, దోసె కాలేలోపు మడమలు పదిసార్లు ఎత్తి దించమన్నాను. పిక్క కండరం పిండితేనే రక్తం పైకెక్కేది. మేజోళ్లు పొయ్యి దగ్గర వేసుకోలేనని తేల్చి చెప్పాడు. కనీసం బస్సులో ఊరికొచ్చేటప్పుడన్నా వేసుకోమని ఒప్పించాను.