కదలెడి గది

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని పెద్దల మాట. ఆ మాట పుట్టిన కాలమున ఇల్లనగా వీథిగుమ్మము మొదలు పెరటిగోడ వరకే. నేడు ఎన్నో కుటుంబములకు మరియొక గది యేర్పడినది. దానికి నాలుగు చక్రములు గలవు. ఆ గదిలో మనము కూర్చుందుము, ఫలాహారము చేయుదుము, కునుకు తీయుదుము, పిల్లలను లాలింతుము, అప్పుడప్పుడు కలహింతుము కూడ. ఇంత సంసారము జరుగు చోటును మాత్రము మనము ఇంటిలో చేర్చి లెక్కింపము. కారు యంత్రము గదా, యంత్రము మగవారి సొత్తు గదా యని యూరకుందుము. మగవారు ఇంజనును, చక్రములను చూచుకొని, పైరంగు మెరయునట్లు తుడిపించి తృప్తి చెందుదురు. సీట్ల క్రింద దొర్లు నీళ్లసీసాలు, జంతికల ముక్కలు, తడిసిన గొడుగు ఎవరికిని పట్టవు.

ఈ గదికిని తక్కిన గదులకును ఒక్క భేదము గలదు. వంటింటిలో చెంబు తన చోటున లేకున్నచో వెదకుకొను శ్రమయే గాని వేరు హాని లేదు. కారులో వస్తువు తన చోటున లేకున్నచో ప్రాణమునకే ముప్పు. కారును శుభ్రముగా నుంచుట, క్షేమముగా నుంచుట యనునవి రెండు పనులు గావు, ఒక్కటే పని. మా యింటి యనుభవమున మాకు రూఢియైన యీ సంగతిని సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మేము హైదరాబాదులో కాపురముందుము. అత్తవారి యూరు గోదావరి ప్రాంతమున గలదు. ప్రతి సంక్రాంతికిని కారులోనే పోయి వత్తుము. విజయవాడ వరకే సుమారు 270 కిలోమీటర్లు. పండుగ దినములలో ఆ దారి యెంత రద్దీగా నుండునో పోయినవారికి తెలియును. టోల్‌గేటుల యొద్ద బారులు తీరిన బండ్లు. ఎప్పుడు బ్రేకు వేయవలసివచ్చునో చెప్పజాలము. పోవునప్పుడు బట్టలపెట్టెలు మాత్రమే. వచ్చునప్పుడు కొత్తబియ్యము, కొబ్బరికాయలు, అరటిగెల, అరిసెల డబ్బాలు, ఆవకాయ జాడీ. పుట్టింటి వస్తువును గాని, అత్తింటి వస్తువును గాని వలదనుట మన యాడువారికి చేతనైన పని కాదు. కావున సర్దుట నేర్చుకొనవలెను.

సర్దుటకు ముందు ఒక లెక్క తెలిసికొందము. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు లోపలి మనుష్యులు, మూటలు, సీసాలు అన్నియు అదే వేగముతో పోవుచుండును. కారు దేనికైన గ్రుద్దుకొని నిలిచినను అవి నిలువవు. అడ్డము తగులువరకు ముందునకే పోవును. ఆ వేగము, 10 మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి పడిన వస్తువు నేలను తాకు వేగమునకు దాదాపు సమానము. కారు వేగము రెట్టింపైనచో దెబ్బ నాలుగింతలగును. మూడంతస్తుల మేడమీదినుండి స్టీలు క్యారియరును బిడ్డ తలపై ఏ తల్లి విడుచును? అదే క్యారియరును వెనుక అద్దము ముందరి పలకమీద పెట్టి, బిడ్డను దాని ముందు కూర్చుండబెట్టుట అట్టి పనియే.

మా కారు డిక్కీకిని సీట్లకును నడుమ గోడలేని జాతిది. అందుచే బియ్యపు సంచిని అన్నిటికంటె ముందు, అడుగున, వెనుకసీటు వీపునకు ఆనించి పరుండబెట్టుదుము. కొబ్బరికాయలు గోనెసంచిలో మూతి బిగించి దానిప్రక్కన. జాడీని బకెట్టులో దించి, చుట్టును పాతచీరలు కూరుదుము. నూనె ఒలికినను బకెట్టులోనే యుండును, జాడీయు కదలదు. తేలిక డబ్బాలు పైన. సీటు వీపుకంటె ఎత్తుగా ఏ వస్తువును పేర్చము. దారిలో తినవలసినవి మాత్రము ఒక గుడ్డసంచిలో కాళ్లయొద్ద నుంచుదుము. ఇట్లు సర్దుటకు అరగంట పట్టును. ఆ యరగంటకు విసుగుకొనువారు మా యింటను గలరు. వారిని సర్దుటకే పంపుట మంచి మందు.

ఇక బండి నడుపువారి పాదముల చోటు. అచ్చట వారి పాదములు తప్ప మరేమియు నుండరాదు. చెప్పులు విడిచి ఉత్తకాళ్లతో నడుపువారు వానిని అచ్చటనే వదలుదురు. అవి జారి బ్రేకు క్రింద చేరవచ్చును. సీటు క్రిందినుండి దొర్లివచ్చు నీళ్లసీసాయు నట్టిదే. కొత్తకారునకు పూజ చేసి నిమ్మకాయలను త్రొక్కించుట మన యాచారము. చక్రము క్రింది నిమ్మకాయ శుభము. బ్రేకు క్రింది నిమ్మకాయ అశుభము. పట్టాపై పట్టా పరచుటయు తగదు. క్రింది పట్టాను దాని కొక్కెములకు తగిలించి యుంచవలెను. ఇది చిన్న సంగతి గాదు. జారిన పట్టాలో యాక్సిలరేటరు చిక్కుకొను ప్రమాదమున్నదని 2009లో టొయోటావారు అమెరికాలో 30 లక్షలకు మించిన కార్ల విషయమున హెచ్చరిక చేసి, సవరింప బూనుకొనిరి.

ముందరి డాష్‌బోర్డు మన దేవతార్చన పీఠమైనది. మా అత్తగారు శ్రీవేంకటేశ్వరుని లోహవిగ్రహమును ఎడమవైపున నిలుపగోరిరి. ఆ చోటుననే మూతక్రింద ఎయిర్‌బ్యాగు మడిచియుండును. ప్రమాదమున నది సెకనులో ఇరువదవవంతు కాలములోనే ఉబ్బి బయటికి వచ్చును. మూతపై నేమున్నను తుపాకిగుండువలె ఎదుటివారి ముఖమునకు తగులును. ఈ సంగతి చెప్పగా అత్తగారు కొంతసేపు ఆలోచించి, "మనలను కాపాడవలసిన స్వామిచేత మనలను కొట్టించుట యెందుకు?" అని విగ్రహమును పూజామందిరమున నుంచి, కాగితపు పటమును మాత్రము ఎయిర్‌బ్యాగు మూతకు దూరముగా అంటించిరి. నడుమ అద్దమునకు పూసలదండలు, బొమ్మలు వ్రేలాడదీయుటయు మేము మానిపించితిమి. ఊగెడి వస్తువు కంటిని లాగును, దారిని కప్పును.

సీటు కవర్ల విషయమున మన వనితలు రంగును, పువ్వులను చూతురు. అంతకుముందు చూడవలసినవి రెండు. ప్రక్క ఎయిర్‌బ్యాగులు సీటులోనే కుట్టియున్న కార్లకు, ఆ చోట తెరచుకొనునట్లు కుట్టిన కవరే వేయవలెను. రెండవది, కవరు వేయువారు వెనుకసీటు బెల్టుల కొక్కెములను దానిక్రింద కప్పివేయుదురు. పిమ్మట ఎవరైన బెల్టు పెట్టుకొనదలచినను కొక్కెము దొరకదు. కవరు వేయించిన దినముననే మూడు కొక్కెములును పైకి తీయించుకొనవలెను.

వెనుక కూర్చున్నవారికి బెల్టు అక్కరలేదను నమ్మకము మన దేశమున బలముగా నాటుకొన్నది. 2022 సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రలో పాల్ఘర్ సమీపమున జరిగిన ప్రమాదములో పారిశ్రామికులు సైరస్ మిస్త్రీగారు మరణించిరి. వారు విలువైన కారులో వెనుకసీటున నుండిరి. బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలిపిరి. బెల్టు పెట్టుకొనుమని కారు చేయు చప్పుడు నోరు మూయించుటకై ఉత్త కొక్కెములు కొని తగిలించువారు గూడ గలరు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆజ్ఞాపించి, ఇంటర్నెట్ అంగళ్లలో నుండి అట్టి సరకుల ప్రకటనలను 13,000కు పైగా తీయించినది. కాపలావాని నోట గుడ్డ క్రుక్కి నిదురించుట యెట్టిదో ఇదియు నట్టిదే. గర్భిణులు బెల్టు వలదనుకొనరాదు. క్రిందిపట్టీ పొట్టమీదుగాగాక, పొట్టక్రింద తుంటి యెముకలమీదుగా పోవలెను. పైపట్టీ రొమ్ముల నడుమనుండి భుజముమీదికి పోవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. మా ఆడపడుచు తన యెనిమిది నెలల బిడ్డతో మాతో ప్రయాణమైనది. బిడ్డకొరకు ప్రత్యేకమగు సీటు తెచ్చి, వెనుకసీటున బెల్టుతో బిగించి, బిడ్డ మొగము వెనుకకుండునట్లు అమర్చితిమి. అత్తగారికి కోపము వచ్చినది. "పసిబిడ్డను మూటవలె కట్టివేయుదురా? తల్లి యొడికంటె పదిలమైన చోటు ఎక్కడ నున్నదమ్మా?" అని బిడ్డను చేతులలోనికి తీసికొనిరి. ఆ మాటకు ఎదురు చెప్పుట యే కోడలికిని సులభము గాదు. అందులో నిజము గూడ నున్నది. ఇంటిలో తల్లి యొడికంటె పదిలమైన చోటు లేదు. కాని గ్రుద్దుకొన్న కారులో ఎనిమిది కిలోల బిడ్డ ఇరువదింతల బరువై, 160 కిలోలై ముందునకు లాగును. అనగా 25 కిలోల బియ్యపు సంచులు ఆరింటికి మించిన బరువు. "అత్తయ్యగారూ, ఆ యారు సంచులను రెప్పపాటులో చేతులతో ఆపగలమా?" అని యడిగితిమి. ఆమె జవాబు చెప్పలేదు. ఒప్పుకొననును లేదు. బిడ్డను మాత్రము తిరిగి యిచ్చిరి.

బిడ్డ చౌటుప్పల్ వరకు ఏడ్చెను. కారులో ఎవ్వరును మాటలాడలేదు. ఆ యేడుపు విన్నవారికి ఒడిలోనికి తీసికొనకుండుట యెంత కష్టమో తల్లులకు చెప్పనక్కరలేదు. అత్తగారు ప్రక్కనే కూర్చుండి, తన చూపుడువ్రేలిని బిడ్డ పిడికిటిలో నుంచి, మెల్లగా జోలపాడ మొదలిడిరి. కొంతసేపటికి బిడ్డ ఆ వ్రేలిని పట్టుకొనియే నిద్రపోయెను. "వీనికి కావలసినది ఒడి కాదే, తోడు" అని ఆమె అనిరి. నాటినుండి మా కారులో బెల్టుల కొక్కెములు పడు చప్పుళ్లు లెక్కించుట అత్తగారి యధికారము. లెక్క సరిపోవువరకు బండి కదలరాదు. పదునాలుగేండ్లలోపు పిల్లలను బెల్టుతోగాని, తగిన సీటుతోగాని కూర్చుండబెట్టవలెనని 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. అతిక్రమించినచో వేయి రూపాయల జుల్మానా. మా అత్తగారి శాసనము అంతకంటె గట్టిది.

వేసవిని గూర్చి రెండు మాటలు. ఎండలో మూసియుంచిన కారులో పది నిమిషములకే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగును. అరగంటకు దాదాపు 19 డిగ్రీలు. బయట 42 డిగ్రీలున్న దినమున లోపల 60 డిగ్రీలగును. అద్దము వ్రేలెడంత దించియుంచిన చాలుననుట భ్రమ. పసివారి శరీరము పెద్దలకంటె మూడు మొదలు ఐదింతల త్వరగా వేడెక్కును. కావున నిమిషము పని యని బిడ్డను కారులో విడిచి అంగడికి పోరాదు. ఇంటియొద్ద నిలిపిన కారునకు తాళము వేసి, తాళపుచెవిని పిల్లలకందని చోట నుంచవలెను. ఆటలాడుచు లోపల దూరి, తలుపు తెరువజాలక పిల్లలు మరణించిన సందర్భములు మన దేశమున గలవు. అత్తరు జల్లు డబ్బాలు, సిగరెట్టు లైటర్లు, ఫోనులకు విద్యుత్తు నిచ్చు పవర్‌బ్యాంకులు, మందులు ఆ వేడిలో నుంచదగినవి గావు.

శుభ్రపరచుట సులభమైన పని. మేము వారమునకొకసారి పట్టాలు తీసి దులిపి, పైనుండి క్రిందికి దుమ్ము తుడుతుము. మీటలపై నీరు చిలుకరింపము. పిడిచిన గుడ్డ చాలును. స్టీరింగునకును, పాదముల మీటలకును మెరుగునూనెలు రాయరాదు; అవి చేతిని, కాలిని జార్చును. ముందరి అద్దమునకు లోపలివైపున పట్టు సన్నని మసకను చాలమంది గుర్తింపరు. రాత్రివేళ ఎదుటి దీపములు పడినప్పుడు అదియే కన్నులకు తెరయగును. అద్దము నిర్మలముగా నుండవలెనను తలంపు ఒక స్త్రీదే యని చెప్పుటకు సంతసించుచున్నాము. కారు లోపలినుండియే త్రిప్పి బయటి అద్దమును తుడుచు సాధనమునకు 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అను వనిత పేటెంటు పొందినది.

వానకాలమున తడిగొడుగును, తడిపట్టాలను లోపల నుంచినచో బూజువాసన పట్టును. తినుబండారముల పొడి రాలినచో మొదట చీమలు, పిదప ఎలుకలు వచ్చును. ఎలుక వచ్చినచో తీగెలు కొరుకును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? చెత్తకొక సంచి తగిలించుట మేలు.

కారులో ఎల్లప్పుడు నుండవలసినవి కొన్నియే: గాయములకు కట్టుకట్టు సామగ్రి, టార్చిలైటు, బండి చెడినప్పుడు దారిలో నిలుపు ఎర్రని త్రికోణము, చిన్న కత్తెర, పాతగుడ్డ, వాంతులకు రెండు సంచులు, త్రాగు నీరు. తక్కినవన్నియు అతిథులు, దిగునప్పుడు మనతో దిగిపోవలెను. దిగునప్పుడు ఎవరి వస్తువు వారే తీసికొనునట్లు పిల్లలకు నేర్పినచో ఇల్లాలిపై భారము పడదు.

సోదరీమణులారా, ఇందులో ధనముతో పనిలేనివే యెక్కువ. ఈ యాదివారము ఒక గంట కారు తలుపులు నాలుగును తెరచి, సీట్ల క్రిందికి వంగి చూడుడు. దొర్లునది, ఎగురునది, ఊగునది ఏది కనబడినను బయటికి తీయుడు. వెనుకసీటు కొక్కెములు మూడును చేతికందుచున్నవో లేదో చూచుకొనుడు. ఆ మూడింటిలో నొకటి మీ బిడ్డది.