వంకుల జుట్టు

పిడుగురాళ్ల సున్నపు బట్టీలను చూచినవారికి మా పల్నాటి నేల యెట్టిదో వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ సున్నపురాతి నడుమ నూరిన బావినీరు సబ్బును విఱుగగొట్టి తెల్లని జిడ్డుగా వెండ్రుకలకు బట్టించును. వంకుల జుట్టు దానితో మఱింత బిరుసెక్కి రేగును. కుంకుడు రసమున కీ దోషము లేదు. మా ముసలమ్మ లే శాస్త్రమును చదువకయే యీ సంగతి నెఱిగిరి.

తడిసినను వేడి తగిలినను వెండ్రుకలోని ఉదజని బంధములు సడలును. అప్పుడు సాగదీసి యారనిచ్చినచో జుట్టు చక్కగా నిలుచును. కావున తలంటిన పిమ్మట కొంచెము తడి యుండగానే వెడల్పు పండ్ల దువ్వెనతో దువ్వి, తలచుట్టును చదునుగా జుట్టి యారనిచ్చుటయే యింటి యుపాయములలో నిరపాయమైనది. శ్రావణపు చెమ్మ తగిలిన మరల వంకులే! మన ప్రబంధకవులు పొగడినవియు కుటిలాలకలే కదా. వేడికి ఫార్మాల్డిహైడు ఆవిరిని వదలు లేపనములను మాత్రము గడప దాటి రానీయరాదు. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే నిర్ణయించినది.

మొన్న మా బంధువుల యింటికి పెండ్లిచూపులకు రానున్నవారు, పిల్ల జుట్టు సాపు చేయించి యుంచుడని ముందుగా కబురంపిరి. తల్లి లేపనపు డబ్బా కొనితెచ్చెను. మేము దానిని పిల్ల చేతికిచ్చి, మీది యక్షరములు చదువుమంటిమి. ఆమె చదివి, డబ్బాను అటకమీద బెట్టి, కుంకుడుకాయలు నానవేసికొనెను; జుట్టు ఉన్నట్లే యుండునని తండ్రిచేత వారికి కబురంపించెను.