కారులో నీళ్ళు – అసంగత్యలంకారం

కారణం ఒకచోట, కార్యం మరొకచోట కనబడితే దానిని అసంగత్యలంకారం అంటారు. భాషాప్రవీణ చదివే రోజుల్లో చంద్రాలోకం ముందు పెట్టుకొని దీనిని వల్లించాను. ఆ తరువాత ముప్ఫైయేళ్ళు పిల్లలకు అలంకారాలు బోధించాను. అయినా దాని సారం నాకు ఒంటబట్టింది మాత్రం ఈ ఏటి భాద్రపదంలోనే. ద్వారకా నగర్‌లో, మా ఇంటి ముందు, మా కారులో నిలిచిన నీళ్ళను చూశాక.

రెండు రోజులు ముసురు పట్టి విడిచింది. ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళదామని కారు తలుపు తీస్తే ముక్కవాసన గుప్పుమంది. ఎడమవైపు వెనుక సీటు ముందర కాలు మోపితే తివాచీ నీళ్ళు కక్కింది. ముందు సీటు దగ్గర మాత్రం పైకి పొడిగానే ఉంది.

వాన మొదలైన సాయంత్రం కారు తెచ్చి నిలిపినవాడు మా వీధి కుర్రవాడు. నాకు చూపు మందగించిన నాటినుంచి అవసరానికి బండి నడిపేది అతడే. వెనుక అద్దం దించి మరచిపోయాడని క్షణంలో తేల్చేశాను.

"అద్దాలన్నీ ఎక్కించీసేనండి మాస్టారూ. చూసుకునే దిగేను" అన్నాడు.

"అయితే నీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?" అన్నాను.

ఆకాశం నుంచే పడ్డాయన్న సంగతి ఆ కోపంలో తోచలేదు. అతడు తాళంచెవి బల్లమీద పెట్టి మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు.

తివాచీ పైపైన ఆరింది. వారం తిరగకుండానే మళ్ళీ వాన. ఈసారి కారు కదలలేదు; అద్దాలు నేనే సరిచూశాను. తెల్లవారేసరికి మళ్ళీ అక్కడే నీళ్ళు! నా తీర్పు తప్పని అప్పుడు తెలిసింది. కాని అసలు దోషి ఎవరు?

స్టీల్ ప్లాంటులో యంత్రాల మరమ్మతు చూసి పదవీ విరమణ చేసిన మా పొరుగాయన సాయం వచ్చారు. ఆయన పద్ధతి చూస్తే తర్కశాస్త్రంలోని అన్వయవ్యతిరేకాలే గుర్తుకొచ్చాయి: అది ఉంటే ఇది ఉండాలి, అది లేనప్పుడు ఇదీ ఉండరాదు.

మొదట నీటిని వేలితో తాకి చూశారు. రంగు లేదు, జిడ్డు లేదు, తీపివాసన లేదు. కనుక ఇంజనును చల్లబరిచే ద్రవం కాదు. ఎండ కాసిన రోజున లోపల కాగితాలు పరచి, ఏసీ అరగంట నడిపారు. మన సముద్రతీరపు తేమగాలి నుంచి ఏసీ చాలా నీరే పిండుతుంది. అది గొట్టం ద్వారా బండి కిందికి కారాలి. గొట్టం పూడుకుంటే లోపలికి చేరుతుంది. కింద బొట్లు సక్రమంగానే పడ్డాయి, కాగితాలు తడవలేదు. ఏసీ నిర్దోషి.

ఇక మిగిలింది వాన. తివాచీ ఎత్తి, కిందనున్న ఇనుపరేకును తుడిచి ఆరబెట్టి, దానిమీద సుద్దపొడి చల్లాం. బడి వదిలినా సుద్దముక్క నన్ను వదల్లేదన్నమాట! గొట్టంతో నీళ్ళు కిందినుంచి పైకి పట్టాలన్నారాయన. పైనుంచి మొదలుపెడితే అన్నిచోట్లా ఒకేసారి కారి, దోషం ఎక్కడిదో తేలదట. తలుపులు తడిపాం, ఏమీ లేదు. ముందు అద్దం అంచులు తడిపాం, ఏమీ లేదు. చివరికి అద్దం అడుగున, వైపర్ల దగ్గరి నల్లటి జల్లెడమీద పట్టాం. అయిదు నిమిషాలకు సుద్దపొడిలో ఒక గీత పడింది. ముందు భాగంలో పుట్టి, వెనక్కి పాకుతూ వచ్చింది. మా గుమ్మం ముందరి వాలులో కారు ముక్కు పైకెత్తుకొని నిలుస్తుంది మరి! నీళ్ళు తివాచీ కిందనుంచే జారి వెనుక తేలుతున్నాయి.

జల్లెడ విప్పితే కింద తురాయి ఆకులు, దుమ్ము కలిసి ముద్దయి, నీరు బయటికి పోయే దారిని మూసేశాయి. నిలిచిన నీరు మట్టం పెరిగి, తీగలు లోపలికి వెళ్ళే రంధ్రపు రబ్బరు బిరడా పగుళ్ళలోంచి దూరుతోంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంలోని చెట్లను పడగొట్టినప్పుడు మా వీధిలో నిలిచిన తురాయి అది. దాని నీడనే కారు పెట్టాలని పట్టుబట్టినవాణ్ణి నేను. "ఆకులు రాలతన్నాయి, పక్కకెట్టీమంటారా?" అని ఆ కుర్రవాడు వేసవిలోనే అడిగాడు కూడా!

ఆకులు తీసి చెంబెడు నీళ్ళు పోస్తే చక్రం వెనుకనుంచి ధారగా నేలమీద పడ్డాయి. కొత్త బిరడా వేయించాం. తివాచీ ఒక్కరోజులో ఆరింది గాని, దాని అడుగునున్న స్పాంజి ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. సుగంధాలు చల్లి ఊరుకుంటే వాసన అణిగేదేమో, కింద రేకు మాత్రం తుప్పు పట్టేది. అప్పటికే రెండుచోట్ల మొదలైంది.

ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్ళాను. తప్పు నాది, దండన నీకు పడిందన్నాను. అతడేమీ అనలేదు. మరునాడు వచ్చి జల్లెడ ఎత్తి చూసి, "ఇక్కణ్ణుంచా అండీ వచ్చినవి!" అని మాత్రం అన్నాడు.

చెట్టు అక్కడే ఉంది, కారూ అక్కడే ఉంటోంది. ప్రతి ఆదివారం ఆకులు ఏరే పని నాది. తాళంచెవి మాత్రం ఇప్పుడు బల్లమీద పెట్టడం లేదు. అతని చేతికే ఇస్తున్నాను.