గుమ్మం దగ్గర ప్రార్థన



మా సంఘంలో ఒక పెద్దావిడ రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాదులో కొడుకు ఇంట ఉండి కీమో చేయించుకుంటున్నారు. పరామర్శకు ఆరుగురం బయలుదేరాం. సికింద్రాబాదులో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగాం. 1998లో సైబర్ టవర్స్ వచ్చిన తరువాత ఆ బండనేల మీద ఎటు చూచినా అద్దాల మేడలే. ఫ్లాటు తొమ్మిదో అంతస్తు. మా చేతుల్లో జామపండ్లు, పూలు, నూనె సీసా. నాకు రెండు రోజులుగా జలుబు.

కోడలు తలుపు సగమే తీసింది. "అయ్యగారూ, ఏమీ అనుకోకండి. అత్తమ్మకు కీమో ఎక్కించి ఈ రోజుకు పదో రోజు. లోపలికి రావద్దు" అంది.

నిజం ఒప్పుకుంటాను, నాకు కోపం వచ్చింది. రోగుల తలమీద చేతులుంచి ప్రార్థించేవాణ్ణి, నన్నే గుమ్మంలో నిలబెట్టడమా?

ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. కీమో మందు క్యాన్సర్ కణాలతోపాటు రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలనూ తగ్గిస్తుంది. సాధారణంగా ఏడు నుండి పధ్నాలుగు రోజుల మధ్య అవి బాగా పడిపోతాయి. మనకు నాలుగు రోజుల్లో పోయే జలుబు అప్పుడు ఆమె ప్రాణం మీదికి తేవచ్చు. పూలు, మట్టి దగ్గరికి రానీయరాదు. పండ్లు కడిగి తొక్క తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ప్రతివారూ సబ్బుతో చేతులు కడుక్కోవడం.

అక్కడే నిలబడి ప్రార్థించాను. లోపలి గదిలోనుండి "ఆమేన్" వినబడింది.

రెండు రాత్రుల తరువాత ఆమెకు జ్వరం 101 చూపించింది. మన పల్లెల్లో అయితే ఒక పారాసెటమాల్ మింగించి, తెల్లవారాక చూద్దామంటాం. కీమోలో ఉన్నవారికి అది ప్రమాదం. మాత్రతో జ్వరం దిగినట్టు కనబడుతుంది గాని లోపలి ఇన్ఫెక్షన్ పోదు. 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళగానే మొదటి మాటగా కీమో నడుస్తోందని చెప్పాలి. కొడుకు అలాగే చేశాడు. నరంలోనుండి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. అయిదు రోజులకు ఇల్లు చేరారు.

ఇన్ఫెక్షన్ చాలాసార్లు రోగి నోటిలోని, పేగులలోని క్రిములతోనే వస్తుందట. అయినా ఆ రోజు నేను పట్టుబట్టి లోపలికి వెళ్ళి ఉంటే, ఆ జ్వరం నావల్లనే అని బ్రతికినంతకాలం కుమిలేవాణ్ణి.

ఇప్పుడు మా సంఘంలో ఇద్దరు కీమోకు, కీమోకు మధ్య ఊరికి వచ్చి ఉంటున్నారు. వారి ఇళ్ళకు థర్మామీటర్లు కొనిచ్చాం. ఆసుపత్రి ఫోను నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. గుంపుగా పరామర్శలు మాన్పించాను. దానికి కొందరు నొచ్చుకున్నారు కూడా.

మరుసటి నెల ఆ పెద్దావిడను చూడడానికి ఒంటరిగా వెళ్ళాను, జలుబు లేకుండా. కోడలు తలుపు పూర్తిగా తీసి, ముందు సబ్బు చేతికిచ్చింది.