నీడ నేర్పే గ్రహపాఠం

ఢిల్లీలో కన్నాట్ ప్లేసు సందడిని వెనుక వదిలి పార్లమెంటు వీథిలో కొద్ది దూరం నడిస్తే, పచ్చిక నడుమ కొన్ని ఎర్రని కట్టడాలు కనిపిస్తాయి. ఆలయమనుకుందామంటే గర్భగుడి లేదు. కోట అనుకుందామంటే బురుజులు లేవు. ఆకాశంలోకి ఎక్కి, ఏ అంతస్తుకూ చేర్చకుండా ఆగిపోయే మెట్లు మాత్రం ఉన్నాయి.

ఇదే జంతర్ మంతర్. ‘యంత్ర’ శబ్దం జనం నోట ‘జంతర్’ అయింది. 1724 ప్రాంతంలో సవాయి జయసింహుడు దీనిని కట్టించాడు. జయపురం, ఉజ్జయిని, వారణాసి, మథురలలోనూ ఇటువంటి వేధశాలలు నిర్మించాడు. మథురలోనిది నేడు నామరూపాలు లేకుండా పోయింది.

సుమారు 70 అడుగుల ఎత్తైన సమ్రాట్ యంత్రం దగ్గర పాఠశాల పిల్లలు గుమిగూడినప్పుడు చూడాలి. దీని వాలుగోడ ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి ఉంటుంది. అంటే, భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుందన్న మాట. ఆ వాలు ఢిల్లీ అక్షాంశమైన 28.6 డిగ్రీలు. ఇరుపక్కల ఉన్న వంపు పలకల మీద గోడ నీడ నిమిషానికి దాదాపు ఆరు సెంటీమీటర్లు జరుగుతుంది. నీడ అంచున వేలుంచిన కుర్రవాడు అరవై లెక్కపెట్టేలోగా ఆ అంచు వేలిని దాటిపోతుంది. కదిలినది సూర్యుడు కాదు, తాను నిలబడిన నేల అని అప్పుడతనికి చెప్పవచ్చు.

తరువాత వచ్చే సందేహం ఇంకా విలువైనది. నీడ చూపే వేళకూ చేతి గడియారానికీ పొసగదు. యంత్రం చెడిపోయిందా? లేదు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. ఢిల్లీ దానికి పడమరగా ఉన్నందువల్ల సుమారు 21 నిమిషాల తేడా వస్తుంది. ఆ తేడా కూడా స్థిరం కాదు. ఫిబ్రవరి నడుమ 35 నిమిషాలకు పెరిగి, నవంబరు ఆరంభంలో ఐదుకు తగ్గుతుంది. భూమి ఇరుసు వాలి ఉండడం, దాని కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం ఇందుకు కారణాలు. గ్రహాలను గురించి నేర్చుకోవచ్చిన విద్యార్థి మొట్టమొదట కొలిచే గ్రహం తన కాళ్ల కింద ఉన్నదే.

పక్కనే ఉన్న రామయంత్రం మిగిలిన గ్రహాల కోసం. పైకప్పు లేని రెండు గుండ్రని కట్టడాలు, వాటి నడుమ స్తంభాలు. ఒకదానిలో ఖాళీగా విడిచిన భాగం రెండవదానిలో పలకగా ఉంటుంది. పరిశీలకుడు నిలబడేందుకే ఈ ఏర్పాటు. పలక అంచున కన్ను ఆనించి, స్తంభం కొన మీదుగా గ్రహాన్ని చూస్తే దాని ఎత్తు, దిశ తెలుస్తాయి. ఆ స్థానాలను వారం వారం నక్షత్రపటంపై గుర్తిస్తే కుజుడు ముందుకు సాగి, ఒకనాడు ఆగి, వెనుకకు మళ్లినట్లు కనబడతాడు. మన పంచాంగాలు చెప్పే వక్రగతి ఇదే. నిజానికి కుజుడు వెనుదిరగడు. వేగంగా సాగే మన భూమి అతనిని దాటిపోతుంది.

ఈ కట్టడాలను మళ్లీ పాఠశాలగా మార్చినవారిలో నందివాడ రత్నశ్రీ ముఖ్యులు. హైదరాబాదులో చదువుకున్న ఈ ఖగోళ శాస్త్రవేత్త రెండు దశాబ్దాలకు పైగా ఢిల్లీ నెహ్రూ ప్లానెటోరియానికి సంచాలకులుగా పనిచేశారు. పర్యాటకులు ఫొటోలు తీసుకుని వెళ్లే చోట ఆమె విద్యార్థుల చేత కొలతలు తీయించారు. 2021 మే నెలలో కోవిడ్ ఆమెను బలిగొన్నది.

పని మాత్రం మిగిలే ఉంది. పలకల మీది గీతలు చాలాచోట్ల చెరిగిపోయాయి. చుట్టూ లేచిన ఎత్తైన భవనాలు సూర్యకిరణాలకు అడ్డు నిలుస్తున్నాయి. గీతలు లేని యంత్రం చూడడానికి అందమైన గోడ మాత్రమే. దానితో కొలిచే పిల్లలు రాకపోతే ఆ గీతలను తిరిగి దిద్దాలన్న తలంపు ఎవరికి కలుగుతుంది?

అందరూ ఢిల్లీ వెళ్లనక్కరలేదు. బడి ఆవరణలో ఒక కర్రను నిటారుగా పాతి, దాని నీడను రోజూ గుర్తిస్తే చాలు. పైగా మన పిల్లలకు ఢిల్లీ పిల్లలకు లేని భాగ్యం ఒకటుంది. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీలో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. హైదరాబాదులో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు, ఆ కర్ర నీడ దాని మొదట్లోనే మాయమవుతుంది.