ఒక ధ్వని – పలు రూపములు

ఆంగ్లభాష నభ్యసించు తెలుగు విద్యార్థికి వ్యాకరణముకంటెను వర్ణక్రమమే యెక్కుడు భయమును గలిగించుచున్నది. మన లిపియందు పలికినట్లు వ్రాయుదుము, వ్రాసినట్లు చదువుదుము. ఈ యలవాటుతో డిక్టేషనుకు గూర్చున్న బాలుడు, ఉపాధ్యాయుడు 'నైట్' అని పలుకగానే రాత్రి యని వ్రాయవలెనో, కవచధారియైన యోధు డని వ్రాయవలెనో తోచక కలము పట్టుకొని యూరకుండును. తాను మందబుద్ధి నని తలపోయును. చదువునకు ఆ పదములకంటె ఈ తలపే యెక్కువ కీడు చేయుచున్నదని నా యభిప్రాయము.

లోపము బాలునియందు లేదు, భాషాచరిత్రయం దున్నది. యోధుని దెలుపు 'నైట్' శబ్దమునకు మొదట నున్న 'కే' అక్షరమును పూర్వ మాంగ్లేయులు స్పష్టముగ నుచ్చరించెడివారు. పదునేడవ శతాబ్దమున ఆ ధ్వని నాలుకనుండి జారిపోయెను గాని కాగితముమీద నిలిచిపోయెను. 1476 వ సంవత్సరమున విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టరున ముద్రాయంత్రమును నెలకొల్పిన పిమ్మట వర్ణక్రమము క్రమముగ స్థిరపడజొచ్చెను. ఉచ్చారణము మాత్రము మారుచునే యుండెను. మాంసమను నర్థముగల 'మీట్', కలిసికొనుట యను నర్థముగల 'మీట్' ఒకప్పుడు వేరువేరుగ వినబడెడివి. సుమారు 1700 నాటికి అవి యొకటియైనవి.

పువ్వును దెలుపు 'ఫ్లవర్', పిండిని దెలుపు 'ఫ్లవర్' అను వాని కథ దీనికి విపరీతము. అవి మొదట ఒకే పదము. ధాన్యపు పిండిలో మేలైన భాగమును పువ్వని పిలిచిరి. 1755 లో జాన్సను పండితుడు తన నిఘంటువును ప్రకటించిననాడు సయితము వీనిని రెండు పదములుగ విడదీయలేదు.

ఒక శబ్దమునకు పెక్కర్థము లుండుట మనకు క్రొత్తగాదు. పింగళి సూరన రాఘవపాండవీయమున రామకథను, భారతకథను ఒకే పద్యములతో నడిపెను. 'కరము' అనగా చేయి, కిరణము, పన్ను. అయినను 'రైతు కరము చెల్లించెను' అన్నచో చేయి యని యెవ్వరును భ్రమపడరు. వాక్యమే యర్థమును నిర్ణయించును. ఆంగ్లమునందును అంతియే.

కావున జంటపదముల పట్టికలను వల్లించుటకంటె, రెంటిని ఒకే వాక్యమున గూర్చుట మేలని నేను నా విద్యార్థులకు జెప్పుచుందును. 'ది ఫార్మర్స్ సన్ వర్క్స్ ఇన్ ది సన్.' రైతు కుమారుడు ఎండలో పనిచేయుచున్నాడు. కుమారునియందు 'ఓ', సూర్యునియందు 'యు'. మరియొకటి: 'వుయ్ ప్రే ఇన్ ది చాపెల్; ది టైగర్ వాచెస్ ఇట్స్ ప్రే.' ప్రార్థించుటకు 'ఏ', వేటాడబడు మృగమునకు 'ఈ'. ఒక్క యక్షరము తప్పినచో భక్తుడు పులికి ఆహారమగును! ఇట్టి వాక్యమును బాలురు స్వయముగ గల్పించి నవ్వుకొన్నచో మరల మరచిపోరు.

ఇంకొక చిక్కు మన నాలుకవలననే పుట్టుచున్నది. ఆంగ్లేయులకు వేరువేరుగ వినబడు 'వీ', 'డబ్ల్యు' ధ్వనులు రెండును మనకు 'వ'కారమే. యోహాను సువార్త 15 వ అధ్యాయమును ఆంగ్లమున చదువు మన బాలుని నోట ద్రాక్షావల్లి ద్రాక్షారసముగ మారుచుండును. మొదటిదానికి పైపండ్లను క్రిందిపెదవికి దాకించవలెను. రెండవదానికి పెదవులను గుండ్రముగ జేయవలెను. అద్దమునెదుట కొన్నిదినము లభ్యసించినచో ఈ జంట విడిపోవును.

ప్రియ విద్యార్థులారా! వినబడిన పదమును వెంటనే పట్టి వ్రాయబోకుడు. వాక్యము ముగియువరకు వినుడు. ఎవరు, ఏమి చేసిరి, ఎచ్చట చేసిరి యని మనస్సున నిలుపుకొనుడు. పిమ్మట కలము కదలింపుడు.