పొలం మానేశాక

మిర్చి కోతలు ముగిసి, సరుకు గుంటూరు యార్డులో అమ్ముడుపోయి నాలుగు డబ్బులు చేతికొచ్చిన రోజుల్లో డాక్టరుగా నా దగ్గరికి పెద్దవాళ్ళు ఎక్కువగా వస్తారు. ఏడాదంతా వాయిదా వేసుకున్న నొప్పులు అప్పుడు బయటపడతాయి. చాలామంది చేతిలో ఒక గుడ్డ సంచీ ఉంటుంది. డల్లాస్ నుంచి కొడుకు తెచ్చిన చేప నూనె మాత్రలు, మోకాళ్ళకు గ్లూకోజమైన్, పక్కూరి ఏజెంటు అంటగట్టిన ప్రొటీన్ డబ్బా, షుగరు తగ్గిస్తుందన్న ఆకుల పొడి. పర్చూరు వైపు నుంచి వచ్చిన అరవై ఏడేళ్ళ పత్తి రైతు సంచీలో ఇవన్నీ ఉన్నాయి.

ఒళ్ళు దాచుకోకుండా పొలంలో పనిచేసిన మనిషి. "ఇంకెంతకాలం కష్టపడతావు నాన్నా" అని పిల్లలు పట్టుబడితే రెండేళ్ళ కిందట భూమి కౌలుకిచ్చి ఇంటిపట్టున కూర్చున్నాడు. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. పొట్ట పెరిగింది, తొడలు సన్నబడ్డాయి, మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బిఎ1సి) 8.4 శాతానికి చేరింది. "వయసు మీద పడింది గదండీ, తిన్నది ఒంటబట్టట్లా. ఏదన్నా బలానికి రాయండి" అన్నాడు. "బాబాయ్ గారూ, ముందు చేతులు కట్టుకుని ఈ కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి" అన్నాను. మూడోసారికే చేతులు కుర్చీని పట్టుకున్నాయి.

నెపం వయసు మీదికి నెట్టడం తేలిక. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషులను పరిశీలించి 2021లో 'సైన్స్' పత్రికలో వేసిన లెక్కలు వేరే చెబుతున్నాయి. ఒంటి బరువును, కండను లెక్కలోకి తీసుకుంటే, ఇరవై నుంచి అరవై ఏళ్ళ దాకా శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు మారదు. అరవై దాటాక తగ్గేది కూడా ఏడాదికి ఒక శాతం లోపే. రెండేళ్ళలో మనిషి ఇంతగా మారాడంటే ప్రధాన కారణం పని ఆగి కండ కరగడమే. తిన్న అన్నం చక్కెరై రక్తంలోకి వచ్చాక దాన్ని ఎక్కువగా తీసుకునేవి కండరాలు. పనిలో ఉన్న కండరమైతే ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడదు. పిల్లలు ప్రేమతో ఇచ్చిన విశ్రాంతి ఆ కండనే తినేసింది. మా ప్రాంతంలో దీన్ని మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. ఎవరినీ తప్పుపట్టలేని నష్టం కాబట్టి మరీ బాధగా ఉంటుంది.

డబ్బాల సంగతికి వస్తే, అమెరికాలో మరియా ఫియాటరోన్ బృందం సగటున 87 ఏళ్ళున్న వందమంది వృద్ధులపై చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. పది వారాలు బరువులతో వ్యాయామం చేసినవాళ్ళ కండబలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం తాగినవాళ్ళ బలహీనత అలాగే ఉంది. కండకు క్షణాల్లో శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలుగులోకి తెచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ డబ్బాల్లో అమ్మే క్రియాటిన్ కూడా బరువులెత్తే పెద్దవాళ్ళకు కొంత తోడవుతుంది, కూర్చున్నవాళ్ళకు ఒరగబెట్టేది తక్కువ.

అలాగని మాత్రలన్నీ వృథా అనను. ఈయన ఏళ్ళ తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాడు. అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయంటే పరీక్ష చేయించాను, విటమిన్ బి12 బాగా తక్కువ. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవాళ్ళలో ఇది జరుగుతుంది. అంత పెద్ద సంచీలో ఆయనకు నిజంగా కావలసిన ఆ ఒక్కటే లేదు. ప్రొటీన్ డబ్బా తెరిచే ముందు మూత్రపిండాల పరీక్ష తప్పనిసరి. కీళ్ళ మాత్రలతో వచ్చేది దర్శి, పొదిలి, కనిగిరి వైపు వాళ్ళయితే తాగే నీటి గురించి కూడా అడుగుతాను. ఆ నేలల్లో ఫ్లోరైడ్ వ్యాధిని 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నడుము, మెడ బిగుసుకుపోతే అక్కడ ముందు మార్చవలసింది నీళ్ళు.

పర్చూరు బాబాయ్‌కి చెప్పింది కొంచెమే. పూటకు పదిసార్లు కుర్చీలోంచి లేవడం, అయిదు లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు చేతులా మోయడం, భోజనం కాగానే పదిహేను నిమిషాల నడక. సగం అన్నం తగ్గించి ఆ చోట పప్పు, ఉలవలు, గుడ్డు. ఆరు నెలలకు, పాత షుగరు మాత్రలతోనే, 7.2. ఇప్పుడు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తున్నాడు.

మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ అమ్మలకు ఈ మాటలు చెప్పలేను. కిలోల లెక్కన కూలి, పొద్దస్తమానం నేల మీద కూర్చునే పని. అరవై దాటిన ఒకామె నీరసమనిపించినప్పుడల్లా ఊళ్ళో గ్లూకోజు సీసా ఎక్కించుకుంటుంది. ఆ అర లీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర, నీళ్ళు. యాభై కిలోల మనిషికి రోజుకు కనీసం నలభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆమె తినేది అన్నం, పచ్చడి. "సీసా డబ్బుతో గుడ్లు కొనుక్కోమ్మా" అంటే, "గుడ్డు తెస్తే మనవడు ఉన్నాడు గదయ్యా" అంది. ఈసారి వచ్చేటప్పుడు కోడలిని వెంటబెట్టుకు రమ్మన్నాను. ఇంట్లో రోజుకు రెండు గుడ్లు ఉడకాలన్న మాట కోడలితో చెప్పాలి.